నూకరాజు కొట్టులో ఉన్న కాపీ

నేను ఒక జిరాక్స్ కాపీని. మూడొందల నలభై పేజీలు, పక్కన నల్ల స్పైరలు, పైన ప్లాస్టిక్ అట్ట, అట్ట కింద పెద్ద అక్షరాల్లో 'సరంగు - నవల', దాని కింద 'నడకుదిటి భైరవమూర్తి', ఇంకా కింద పెన్నుతో 'అభిప్రాయం కోసం'. నవల అని నెత్తిన రాసి ఉంది కాబట్టి నన్ను పుచ్చుకున్నవాళ్ళందరూ చదువుతారని మొదట్లో నమ్మాను. ఆ భ్రమ వదలడానికి ఒక్క ఏడాది పట్టింది.

నేను పుట్టింది నరసాపురం బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ కొట్లో. ఆ కొట్టతను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బావమరిది పెళ్ళిలో భోజనాలు ఎందుకు చెడ్డాయో చెబుతూ నన్ను తీశాడు. వేడి ఆరకముందే దొంతర పెట్టి స్పైరలు ఎక్కించడంతో నా పదకొండో కాయితం, పన్నెండో కాయితం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నాతోపాటు ఇంకో రెండు కాపీలు పుట్టాయి. ఒకదాన్ని పోటీకి పంపితే మళ్ళీ మొహం చూపించలేదు. రెండోది బీరువాలో పడుకుంది. ఊళ్ళు తిరిగే రాత నాది.

నన్ను రాసిన భైరవమూర్తికి అరవై ఆరేళ్ళు. చదివింది ఎనిమిదో తరగతి. గోదావరి వశిష్ఠ పాయ మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు లాంచీ నడిపిన సరంగు. రోడ్లూ వంతెనలూ వచ్చి లాంచీలు మూలపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, పొద్దున్నే అరుగు మీద చాప వేసుకుని రాయడం మొదలుపెట్టాడు. నాలుగేళ్ళలో ఆరు లాంగ్ నోటు పుస్తకాలు నిండాయి. ఒక్కో అధ్యాయం పూర్తికాగానే భార్య మంగాయమ్మకి చదివి వినిపించేవాడు. ఆవిడకి చదువు రాదు. రొయ్యలు ఒలుచుకుంటూ వినేది. బాగుంటే చెయ్యి ఆగేది, లేకపోతే ఆగేది కాదు. అంతకంటే నిజాయితీ గల అభిప్రాయం ఈ జిల్లాలో ఇంకెక్కడా దొరకదని నాకు తర్వాత తెలిసింది. ఆయనకి అప్పటికి తెలీదు. పెద్దవాళ్ళ మాట కావాలనుకున్నాడు.

మొదటి పెద్దమనిషి సోమశేఖరం మాస్టారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. సభల్లో మాట్లాడతారు, పుస్తకాలకి ముందుమాటలు రాస్తారు. భైరవమూర్తి కొత్త చొక్కా వేసుకుని, అరటిపళ్ళ అత్తం ఒకటి పట్టుకెళ్ళి, నన్ను రెండు చేతులతో అందించాడు.

"నెల్లాళ్ళలో చూసేస్తానయ్యా," అన్నారు మాస్టారు.

అరటిపళ్ళు మూడు రోజుల్లో అయిపోయాయి. నేను అయిదు నెలలు వాళ్ళ టీవీ స్టెబిలైజరు కింద ఎత్తు కోసం ఉన్నాను. భైరవమూర్తి పదిహేను రోజులకోసారి ఫోన్ చేసేవాడు. "సగంలో ఉన్నానయ్యా, తొందరపడి చదివేది కాదిది," అనేవారు. నా మీద కూర్చున్న స్టెబిలైజరు టిక్కుమనేది. ఆరో నెలలో ఒకరోజు నన్ను లాగి, దుమ్ము దులిపి, మొదటి మూడు పేజీలూ చివరి రెండు పేజీలూ చూసి, రెండు కాయితాల అభిప్రాయం రాశారు. 'ఈ నవలలో గోదావరి నేపథ్యం కాదు, ఒక పాత్ర. కథనంలో కొంత సాగదీత ఉంది. మధ్యభాగం కుదిస్తే బిగువు వస్తుంది.' మధ్యభాగం. నా పదకొండో కాయితం ఇంకా పన్నెండోదానికి అతుక్కునే ఉంది. ఎవరూ విడదీయలేదు.

భైరవమూర్తి మాస్టారి అభిప్రాయం నాలుగుసార్లు చదువుకున్నాడు. ఏది సాగిందో తెలియక అరుగు మీద నన్ను ముందుకీ వెనక్కీ తిప్పాడు. పాపం ఆయనకి కోపం రాలేదు. నాకొచ్చింది. కాయితానికి కోపమొస్తే ఏం చేస్తుంది? మహా అయితే అంచు మడతపడుతుంది.

ఆ తర్వాత సాహితీ మిత్రులంటూ ఒక సంఘం. లైబ్రరీ మేడ మీద ఆదివారం కూడతారు. ఆ వారం చర్చ నా మీదేనని చెప్పారు. పద్దెనిమిది మంది వచ్చారు. సరంగు రాసిన నవల వాడుక మాటల్లో ఉండాలా, అందరికీ తెలిసే భాషలో ఉండాలా అని మూడు గంటలు కొట్లాడుకున్నారు. నేను ఏ భాషలో ఉన్నానో చూద్దామని ఒక్కరికీ తోచలేదు. టీ వచ్చాక నన్ను ట్రే కింద వేశారు. నా అట్ట మీద మూడు గుండ్రటి మచ్చలు అప్పటివే. వచ్చేటప్పుడు ఒకాయన భైరవమూర్తి భుజం తట్టి, "మీలాంటివాళ్ళు రాయాలండీ," అన్నాడు. చదవాల్సినవాళ్ళు ఎవరో చెప్పలేదు.

ఇక ప్రచురణకర్తలు. ఒకాయన కవితలు మాత్రమే వేస్తానన్నాడు. ఒకాయన మూడొందల పేజీలు ఎవరు చదువుతారండీ, నూట యాభై చెయ్యండి అన్నాడు. ఇంకొకాయన ఏకంగా, ఇందులో ప్రేమకథ ఏదీ అని అడిగాడు. ప్రతిసారీ భైరవమూర్తి బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు, చంటిపిల్లని డాక్టరుకి చూపించి తెస్తున్నట్టు. మంగాయమ్మ గుమ్మంలో ఎదురొచ్చి మొహం చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్ళిచ్చేది.

చివరికి విజయవాడలో ఇందుశేఖర్ అని ఒక కుర్ర ప్రచురణకర్త దొరికాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పుస్తకాల కట్టల మధ్య కూర్చుని, సూటిగా, "మొత్తం ఇప్పుడు చదవలేను సార్. మీకు బాగా వచ్చిందనిపించిన అధ్యాయం ఒకటి చెప్పండి," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. చదవను అని చెప్పినవాణ్ణి మొదటిసారి చూశాను.

"పందొమ్మిదోది చూడండి," అన్నాడు భైరవమూర్తి.

అతను ఆయన ఎదుటే చదివాడు. ఒక ఫోను వస్తే కట్ చేశాడు.

పందొమ్మిదో అధ్యాయంలో లాంచీ ప్రమాదం ఉంది. అది చెప్పాలంటే లాంచీ ఎలా నడుస్తుందో చెప్పాలి. సరంగు పైన చుక్కాని పట్టుకుని ఉంటాడు. ఇంజను కింద గదిలో, దాని దగ్గర ఇంజను డ్రైవరు. కిందివాడికి నది కనబడదు. పైనుంచి సరంగు తాడు లాగితే కింద గంట మోగుతుంది. ఒక గంటకి ముందుకి, రెండు గంటలకి ఆపు, మూడు గంటలకి వెనక్కి. కిందివాడికి లోకమంతా ఆ గంటే.

నవలలో రాఘవ అనే సరంగు, సూరిబాబు అనే ఇంజను డ్రైవరు ప్రాణస్నేహితులు. ధనుర్మాసం మంచులో, లంగరేసి ఉన్న ఇసుక పడవ ఒకటి ఎదురుగా హఠాత్తుగా కనబడుతుంది. రాఘవ మూడు గంటలు కొడతాడు. మళ్ళీ కొడతాడు. కింద సూరిబాబు కునుకు తీస్తున్నాడు. లాంచీ వెళ్ళి గుద్దుకుంటుంది. గాజుల మలారాలతో ముందు కూర్చున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు నీళ్ళలో పడి చనిపోతారు. రాఘవ నీళ్ళలోకి దూకి వెతుకుతాడు. ఆ వెతకడం అయిదు పేజీలు. బాగా రాశాడు. నా మీద ఉన్న అక్షరాలే గానీ నాకే ఊపిరాడనట్టు ఉండేది.

ఇందుశేఖర్ తలెత్తేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "సార్, ఈ ఒక్క అధ్యాయం కోసం పుస్తకం వేస్తాను. తప్పులు దిద్ది నెల్లో పంపించండి," అన్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో భైరవమూర్తి పక్కసీటు ఆయనకి, అడక్కపోయినా, తన పుస్తకం అచ్చవుతోందని చెప్పాడు. మంగాయమ్మ ఆ పూట పాయసం వండింది. తాను మాత్రం తినలేదు. మర్నాడు ఆయన క్షౌరానికి వెళ్ళగానే, బీరువాలో కాపీ ఆయన దిద్దుకోవడానికి చాప మీద పెట్టి, నన్ను చీరకొంగు కింద పెట్టుకుని బయల్దేరింది.

తీసుకెళ్ళింది చింతా నూకరాజు కొట్టుకి. రొయ్యల చెరువులకి వాడే డీజిలింజన్లు బాగుచేసే రేకుల షెడ్డు అది. నూకరాజుకి అరవై నాలుగేళ్ళు. ఎడమచేతికి చిటికెనవేలు లేదు, ఎప్పుడో ఇంజను బెల్టు తీసుకుపోయింది. నవల్లో సూరిబాబుకీ లేదు. భైరవమూర్తి పేరు మార్చాడు గానీ వేలు మార్చడం మరిచిపోయాడు. ఇరవై నాలుగేళ్ళ కిందట నిజంగా జరిగిన ప్రమాదంలో విచారణ అధికారి ఇంజను డ్రైవరుదే తప్పని తేల్చాడు. నూకరాజు ఉద్యోగం పోయింది. భైరవమూర్తి ఇంకో ఏడేళ్ళు లాంచీ నడిపాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"అన్నయ్యగారూ, ఆయన పుస్తకం రాశారు," అంది మంగాయమ్మ.

"విన్నానమ్మా," అన్నాడు నూకరాజు, చేతిలో స్పానరు దించకుండా.

"అందులో మీరున్నారు."

"ఎలా ఉన్నాను?"

ఆవిడ కొంగు కింద నుంచి నన్ను బయటికి తీసింది. "నిద్రపోతా ఉన్నారు."

నూకరాజు స్పానరు కింద పెట్టాడు.

"నాకు చదవడం రాదు. విన్నాను," అంది ఆవిడ. "మిగతావన్నీ నింపాదిగా చదివి వినిపించారు. ఆ ఒక్కటీ బస్సు తప్పిపోతున్నట్టు గబగబా చదివేశారు. మళ్ళీ చదవమంటే గొంతు నెప్పన్నారు. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన్ని అడగలేకపోయాను. మిమ్మల్నీ అడగలేను. అచ్చయ్యాక ఊరంతా చదువుతారు. ముందు మీరు చదవండి."

నన్ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నూకరాజు నన్ను చదవడానికి పదిహేడు రోజులు తీసుకున్నాడు. పెదాలు కదుపుతూ, వేలు కింద పెట్టి, ఒక్కో లైను చదివాడు. మొదటిరోజే పదకొండో కాయితం దగ్గర ఆగి, ఏదో తేడాగా ఉందని గ్రహించి, పాత బ్లేడుతో ఆ రెండు కాయితాలనూ విడదీశాడు. నేను అంతవరకూ అంత గౌరవం ఎరగను. అంచుల్లో ఎర్ర పెన్నుతో రాసేవాడు. 'ఈ ఇంజనుకి సిలిండర్లు రెండే, నాలుగు కాదు.' 'రేవులో హోటల్లో పూరీ ఎప్పుడూ లేదు, ఇడ్లీయే.' 'ఆ ఏడు వరద ఆగస్టులో రాలేదు, సెప్టెంబరు.' ఒకచోట, 'ఈ మాట అన్నది నువ్వు కాదు, నేను. అయినా ఉంచెయ్, బావుంది.' ఇంకోచోట, 'మా ఆవిడకి చదివి వినిపించాను. నవ్వింది.' ప్రతి పేజీకీ డీజిలు వేలిముద్ర ఒకటి. మాస్టారు ఆర్నెల్లలో చెయ్యలేని పనిని, తన మీద తప్పు మోపిన పుస్తకానికి ఈయన చేస్తుంటే నాకు చిరాకు కాస్తా సిగ్గుగా మారింది. ఎదురుగా పందొమ్మిదోది వస్తోందని నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

పదో రోజు దాన్ని చదివాడు. ఆ రోజుకి కొట్టు మూసేశాడు. మర్నాడు మళ్ళీ చదివాడు. ఏ ఎర్ర గీతా పెట్టలేదు. రాఘవ మూడు గంటలు కొట్టాడన్న లైను పక్కన మాత్రం, 'గంట మోగలేదు భైరవా' అని రాశాడు. ఆ తర్వాత మిగిలిన అధ్యాయాలూ వదలకుండా చదివాడు. చివర్లో, సైకిలు కంపెనీ పేరు తప్పు రాస్తే అదీ దిద్దాడు.

మంగాయమ్మ వచ్చి నన్ను తీసుకెళ్ళి అరుగు మీద, ఆయన చాప పక్కనే పెట్టింది. భైరవమూర్తి నన్ను తెరిచాడు. డీజిలు వాసన ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎవరిమ్మన్నారు నిన్ను?"

"అభిప్రాయం కోసమేగా ఊళ్ళన్నీ తిప్పుతున్నారు," అంది ఆవిడ. "రెండు వీధుల అవతలున్న మనిషి మిగిలిపోతే ఇచ్చాను."

ఆయన నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు, నన్ను ముట్టుకోలేదు. అయిదో రోజు పొద్దున్నే చేతిసంచీలో వేసుకుని షెడ్డుకి నడిచాడు. నూకరాజు ఇంజను హెడ్డు విప్పుతున్నాడు. ఇరవై నాలుగేళ్ళకి ఎదురుగా నిలబడ్డ స్నేహితుణ్ణి చూసి, మూతి మీద చెమట భుజంతో తుడుచుకుని, బోర్లించిన నూనె డ్రమ్ము చూపించాడు. భైరవమూర్తి కూర్చోలేదు.

"నేను గంట కొట్టాను," అన్నాడు.

"మోగలేదు."

"నువ్వు నిద్రలో ఉన్నావు, వినబళ్ళేదు."

"ఆ రోజు ఇంజను వేడెక్కుతుంటే బకెట్టుతో నీళ్ళు పోస్తా ఉన్నాను. ఒక చేత్తో బకెట్టు పట్టుకుని నిద్రపోయేవాడు ఉంటాడా? ఆ రోజే చెప్పాను. ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే పోనీ." నూకరాజు గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ నన్ను తినేసింది అది కాదు. తాడు పాతది. నువ్వు లాగితే పైనే తెగిపోయి ఉండొచ్చు. లేకపోతే నువ్వు లాగలేదు. ఆ రెంటిలో ఏదో నాకు తెలీదు. లాంచీ ముక్కలైపోయింది, చూసుకోవడానికి లేదు. నీకొక్కడికే తెలుసు. తాడు తెగిందని చెప్పు, నేను ఇప్పుడే నమ్మేస్తాను. నీ పుస్తకంలో నేను నిద్రపోయినా ఊరుకుంటాను."

అంత సుళువైన దారి ఎవరు చూపిస్తారు? తెగిందంటే సరిపోయేది. భైరవమూర్తి నోరు తెరిచాడు కూడా.

"తెగలేదు," అన్నాడు.

నూకరాజు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

"చేతిలో టీ గ్లాసుంది. అప్పుడే పోసిచ్చారు, నిండుగా ఉంది. పడవ కనబడింది. గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూశాను, రాజూ. తాడు వంక చూడలేదు. గ్లాసు పెట్టడానికి చోటు కోసం చూశాను."

తర్వాత డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. పక్కన ఎవరిదో ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. నూకరాజు లేచి వెళ్ళి దాన్ని ఆపి వచ్చాడు.

"ఇంటికెళ్ళి అది రాయి," అన్నాడు.

రాశాడు. ఆరు నోటుబుక్కులు నాలుగేళ్ళలో నింపిన మనిషికి ఎనిమిది పేజీలు రాయడానికి రెండు నెలలు పట్టింది. అయిదు పేజీల ఈత ఎగిరిపోయింది, ఎందుకంటే నిజానికి ఆయన దూకలేదట. కొయ్యలా నిలబడిపోయాడట. కొత్త పందొమ్మిదిని మంగాయమ్మకి చదివి వినిపించాడు, నింపాదిగా. ఆవిడ చేతిలో రొయ్యలు లేవు కాబట్టి అభిప్రాయం ఏమిటో నాకు తెలియలేదు. లేచి వెళ్ళి ఆయనకి అన్నం పెట్టింది. నా పాత పేజీలు తీసి, కొత్తవి చేతిరాతతోనే కన్నాలు పొడిచి నా స్పైరల్లో ఎక్కించారు. ఒక నకలు విజయవాడ వెళ్ళింది.

వారంలో ఇందుశేఖర్ ఫోన్ చేశాడు.

"కొత్తది బాగా రాశారు సార్. కానీ పాతదే వేద్దాం."

"ఎందుకండీ?"

"పాఠకుడు రెండొందల పేజీలు రాఘవ వెనకాల ప్రేమగా నడిచొచ్చాడు. టీ గ్లాసు కోసం ఇద్దర్ని ముంచాడంటే పుస్తకం మూసేస్తాడు సార్. పైగా దూకడం తీసేశారు. ఆ ఈత కోసమే కదా నేను ఒప్పుకుంది."

"అలా జరగలేదండీ."

"నవలే కదా సార్. జరగాల్సిన అవసరం ఏముంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇతను చెడ్డవాడు కాడు, చదివినవాడు కూడా. అదే నా ఏడుపు. చదవనివాళ్ళతో ఒక బాధ, చదివినవాళ్ళతో ఇంకో బాధ.

భైరవమూర్తి వాదించలేదు. "అయితే ఉండనివ్వండి," అని ఫోను పెట్టేశాడు. ఆ పూట అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. అచ్చయిన పుస్తకం మీద తన పేరు చూసుకోవాలని ఆయనకి ఎంత ఉండేదో నాకు తెలుసు, నన్ను ఒళ్ళో పెట్టుకున్న బస్సు ప్రయాణాలన్నీ లెక్కేస్తే. సాయంత్రం నన్ను తీసుకెళ్ళి నూకరాజుకి ఇచ్చాడు, కొత్త అధ్యాయం చూడమని. నూకరాజు చూశాడు. 'బకెట్టు ఇనపది, ప్లాస్టిక్‌ది కాదు' అని రాసి ఊరుకున్నాడు.

ఊరుకున్నాడు గానీ నన్ను తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు నేనుండేది ఆ షెడ్డులోనే, స్పానర్ల బల్ల మీద. ఇంజను తెచ్చినవాడెవడైనా సరే, విప్పి చూడ్డానికి గంట పడుతుందని చెప్పి నూకరాజు నన్ను చేతిలో పెడతాడు. "ఫోను తర్వాత చూసుకోవచ్చు, ఇది చదువు," అంటాడు. చెరువుల కాపలాదార్లు, ఐసు లారీ డ్రైవర్లు, మేత అమ్మేవాళ్ళు. కొందరు పేజీలు తిప్పినట్టు నటిస్తారు. ఆ నటన నేను పెద్ద పెద్దవాళ్ళ దగ్గర చూసిందే. కొందరు నిజంగా చదువుతారు. ఇద్దరు ముగ్గురు నూకరాజు ఎడమచేతి వంక చూసి, ఏమీ అడక్కుండా ఇంజను పట్టుకుపోయారు. ఒకాయన మర్నాడు మళ్ళీ వచ్చి, "క్షమించాలి రాజుగారూ, మా నాన్న ఆ రోజుల్లో మిమ్మల్ని చాలా మాటలన్నాడు," అని చెప్పి వెళ్ళాడు. నూకరాజు ఆ రోజు పని సరిగ్గా చెయ్యలేదు. ఒక బోల్టు మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు.

నిన్న భైరవమూర్తి వచ్చాడు. తెనాలిలో ఎవరో చిన్న ప్రెస్సు పెట్టారట, ఉన్నదున్నట్టు వేస్తామంటున్నారట. చూపించడానికి నన్ను ఇమ్మన్నాడు.

"ఇంకో కాపీ తీయించుకో," అన్నాడు నూకరాజు.

"దిద్దుబాట్లన్నీ దీనిమీదే ఉన్నాయిరా."

"అతను చదువుతున్నాడు, కనబట్టం లేదా?"

అతను మొగల్తూరు వైపు నుంచి, రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరేటరు మోటారు తెచ్చిన మనిషి. నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ మీద నన్ను పెట్టుకుని, చేతిరాత పేజీల దగ్గరున్నాడు. పక్కన నిలబడ్డది రాసినాయన అని అతనికి తెలీదు, ఎవరూ చెప్పలేదు. చివరి పేజీ అయ్యాక తలెత్తి ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు:

"ఈ సరంగు ఎవరోగానీ, దాచుకోకుండా చెప్పేశాడండీ."

నూకరాజు మోటారు మీదకి వంగి గుడ్డతో తుడుస్తున్నాడు.

"మోటారు అయిపోయింది, తీసుకెళ్ళు," అన్నాడు అతనితో.

"ఉండండి," అన్నాడు ఆ మనిషి, ఇరవయ్యో అధ్యాయం తిప్పుతూ. "తర్వాత ఏం చేశాడో చూడనివ్వండి."

తెనాలి బస్సుకి టైమవుతోంది. భైరవమూర్తి గడియారం చూసుకున్నాడు, నా వంక చూశాడు. తర్వాత చేతిసంచీ మడిచి చంకలో పెట్టుకుని, డ్రమ్ము మీద కూర్చున్నాడు, ఆ మనిషి చదవడం అయ్యేదాకా.